స్నేహితురాలు పిలిచిన పేరు

రెంటచింతల అనగానే తెలుగువాళ్ళకి గుర్తొచ్చేది ఎండ. వేసవి మొదలైతే చాలు, రేడియో వార్తల్లో మా ఊరి పేరు వినపడేది. ఎక్కువ ఉష్ణోగ్రత రెంటచింతలలో నమోదైందని చెప్పి ఒక అంకె చదివేవాళ్ళు. ఆ అంకెతో మా ఊరి సంగతి అయిపోయేది. ఇక్కడ మనుషులుంటారనీ, మసీదూ చర్చీ గుడీ ఉన్నాయనీ, సాగర్ కుడి కాలవ వచ్చాక పల్నాటి చేలల్లో మిరప, పత్తి ఎర్రగా తెల్లగా పండాయనీ ఆ అంకె చెప్పదు.

ముస్లింల సంగతీ అంతే. మమ్మల్ని కూడా ఒక్క మాటతో ముగించడం ఈ దేశానికి అలవాటు. మగవాళ్ళయితే సాయిబులు. ఆడవాళ్ళయితే ఇంకా తేలిక, బురఖా అంటే సరిపోతుంది. బురఖా లోపల ఉన్న మనిషి ఎవరు, ఆమె ఎవరితో నవ్వుతుంది, ఎవరితో గొడవపడుతుంది, ఎవరి దగ్గర మనసు విప్పుతుంది అని అడిగినవాళ్ళు తక్కువ.

ఈ ఒక్క మాట పెత్తనం మీద మేం తిరగబడ్డాం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చింది. మరుసటి ఏడాది డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలింది. ఆ తర్వాత మేం మునుపటిలా రాయలేకపోయాం. 1998లో ‘జల్‌జలా’ కవిత్వ సంకలనం, 2004లో ‘వతన్’ కథల సంకలనం వచ్చాయి. మా ఇళ్ళు, మా మాట, మా పేదరికం మొదటిసారి మా గొంతుతో తెలుగులోకి వచ్చాయి. ఆ పుస్తకాలకి మేం రుణపడి ఉన్నాం.

అయితే ఇన్నేళ్ళ తర్వాత వెనక్కి తిరిగి చూసుకుంటే ఒక సంగతి కనపడుతోంది. మేం ఎక్కువగా మాట్లాడింది మమ్మల్ని అవమానించినవాళ్ళతో. మేం ఎవరమో చెప్పడానికి మా గాయాన్ని చూపించాం. అది అవసరం, కాదనం. కానీ మనిషిని తయారుచేసేది గాయం ఒక్కటేనా? శత్రువు పెట్టిన పేరుని తుడిచేయడానికి ఇంత కష్టపడ్డ మేం, స్నేహితులు పిలిచిన పేర్లని ఎక్కడన్నా రాసి పెట్టుకున్నామా? ముఖ్యంగా మా ఆడవాళ్ళని వాళ్ళ స్నేహితురాళ్ళు పిలిచిన పేర్లని?

మిరప కోతల కాలంలో మా వైపు ఆడకూలీలు తెల్లారకముందే చేలకి బయల్దేరతారు. ఎండ ముదిరితే పల్నాటి నేల మీద నిలబడలేరు. మేస్త్రి దగ్గర హాజరు పుస్తకం ఉంటుంది. మా అమ్మల కాలంలో ఆ పుస్తకంలో మిగతా ఆడవాళ్ళకి పేర్లుండేవి. మా ఆడవాళ్ళకి ఉండేవి కావు. ముగ్గురుంటే బూబమ్మ, పెద్ద బూబమ్మ, ఇంకో బూబమ్మ. అందులో తిట్టేమీ లేదు, గౌరవంగానే పిలిచామంటారు. కానీ అందరికీ ఒకటే పేరంటే ఎవరికీ పేరు లేనట్టే కదా.

మా పెద్దవాళ్ళలో ఒకామె ఏళ్ళ తరబడి ఆ పుస్తకంలో ‘ఇంకో బూబమ్మ’గానే ఉంది. ఆమె పక్క సాలు పట్టేది దళితవాడ నుంచి వచ్చే ఒక మనిషి. పదేళ్ళు పక్కపక్కనే కాయ కోశారు. ఒకరి సద్ది ఒకరు పంచుకున్నారు. ఒకరి బిడ్డ జ్వరానికి ఇంకొకరు రాత్రంతా మేలుకున్నారు. ఒకరోజు ఆ స్నేహితురాలు మేస్త్రిని ఆపింది. “ఆమెకి పేరుంది. వాళ్ళమ్మ పెట్టింది. అది రాయి. అది రాసిందాకా నా పేరు కూడా రాయమాక” అంది. మేస్త్రి నవ్వాడు, విసుక్కున్నాడు, చివరికి రాశాడు. తప్పులతో రాశాడు. అయినా అది పేరే.

ఆ పేరు ఇక్కడ రాయం. అది ఆమెది. కానీ ఆ తర్వాత జరిగింది చెప్పాలి. అప్పటిదాకా ఎవరేమని పిలిచినా పలికిన మనిషి, కూతుళ్ళని బళ్ళో వేసేటప్పుడు పూర్తి పేరు రాయించాలని పట్టుబట్టింది. ఆ స్నేహితురాలు కూడా మారింది. పక్కమనిషి పేరు కోసం నిలబడ్డాక, తనని ‘ఒసే’ అని పిలిచే ఆసామి పిలుపుకి ఇక పలకనంది. 1992 చివర్లో మా ఊళ్ళ టీ కొట్ల దగ్గర కూడా వీళ్ళని పాకిస్తాన్ పంపాలన్న మాటలు వినపడ్డాయి. అప్పుడామె అన్న మాట మా ఇళ్ళల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. “మా ఆపా యాడికి పోద్ది? పొద్దున్నే నాతో చేలోకి పోద్ది. సందేళ కూలి డబ్బులకి నాతో మేస్త్రి ఇంటికి పోద్ది. ఇంకెక్కడికి పోద్ది?”

‘అక్కా’ అనే నోటితో ఆమె ‘ఆపా’ అంది. ఆ ఒక్క మాట మార్పులో రెండు జీవితాలు మారాయి. ఇది కథలకెక్కిందా? కాల్పనిక సాహిత్యం ఇట్లాంటి స్నేహాన్ని ఎప్పుడన్నా చూసిందా? ఈ ప్రశ్నతోనే మేం పాత పుటలు తిరగేశాం.

మొదట మా నేల కథనే చూద్దాం. పల్నాటి వీరచరిత్రని శ్రీనాథుడు పదిహేనో శతాబ్దంలో ద్విపదలో కట్టాడని చెప్తారు. కారంపూడిలో వీరుల గుడి ఈనాటికీ ఉంది. ఆ కథలో ఆడవాళ్ళు తక్కువవాళ్ళేం కాదు. నాగమ్మ రాజ్యం నడిపిన మంత్రి. ఐతమ్మ వీరుడి తల్లి. మాంచాల భర్తని యుద్ధానికి పంపిన భార్య. ముగ్గురికీ ఒకరి పక్కన చోటుంది, రాజు పక్కనో, కొడుకు పక్కనో, భర్త పక్కనో. కానీ మాంచాల స్నేహితురాలు ఎవరంటే మాకెవరూ గుర్తురారు. బాలచంద్రుడికి కులాలు దాటిన తోడువీరులున్నారు, చాపకూడు సహపంక్తి ఉంది. మగవాళ్ళ స్నేహం వీరగాథ అయింది. ఆడవాళ్ళ స్నేహం వంటింటి ముచ్చటగా మిగిలిపోయింది.

ఆధునిక తెలుగు నవలకి వస్తే 1927లో చలం ‘మైదానం’. రాజేశ్వరి అమీర్ కోసం ఇల్లు విడిచింది. ఆ రోజుల్లో అది పెద్ద సాహసమే. అయితే మాకు కనపడేది ఇంకొకటి. తెలుగు నవల ముస్లిం దగ్గరికి వచ్చింది, కానీ మగవాడి కోసం వచ్చింది. ఇంట్లో ఉన్న ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడ్డానికి కాదు.

కానీ అంతకు ఇరవై రెండేళ్ళ ముందే మన పక్కనే ఒక అద్భుతం జరిగింది. తెలుగు పాఠకులకి అది పెద్దగా తెలియదు. 1905లో మద్రాసు నుంచి వచ్చే ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’ అనే ఇంగ్లీషు పత్రికలో ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే కథ అచ్చయింది. రాసింది బెంగాలీ ముస్లిం స్త్రీ రొకేయా సఖావత్ హుస్సేన్. 1880లో రంగపూర్ జిల్లా పైరాబంద్‌లో పుట్టింది. పరదాలో పెరిగింది. అక్క కరీమున్నీసా, అన్న ఇబ్రహీం అండతో చదువు నేర్చుకుంది. ఆ పత్రికని 1901లో మొదలుపెట్టి నడిపిన సంపాదకురాలు కమలా సత్తియనాథన్. ఆమె మన రాజమండ్రిలో పుట్టిన తెలుగు క్రైస్తవ స్త్రీ. ఇద్దరికీ అప్పుడు పాతికేళ్ళు అటూ ఇటూ. ఒక బెంగాలీ ముస్లిం స్త్రీ కలకి ఒక తెలుగు క్రైస్తవ స్త్రీ తన పత్రికలో చోటిచ్చింది. మైనారిటీ అన్న మాట ఇంకా మా నెత్తిన పడని రోజుల్లో జరిగిన సంగతి ఇది.

ఆ కథ మొదలయ్యేది ఒక స్నేహితురాలి రాకతో. కథ చెప్పే స్త్రీ ఒక సాయంత్రం తన గదిలో పడక్కుర్చీలో కూర్చుని హిందూదేశపు ఆడవాళ్ళ గతి గురించి ఆలోచిస్తుంటుంది. ఎదురుగా ఒకామె నిలబడుతుంది. తన నేస్తం సారా అనుకుంటుంది. వెనకటికి డార్జిలింగ్‌లో ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని తోటల్లో తిరిగినవాళ్ళే. సారా రమ్మంటే బయటికి వస్తుంది. రాత్రి అనుకుంటే తెల్లవారి ఉంటుంది. ముసుగు లేకుండా పట్టపగలు వీధిలో నడుస్తూ ఆమె సిగ్గుతో ముడుచుకుపోతుంది. దారినపోయే ఆడవాళ్ళు నవ్వుతారు. ఈమె అచ్చం మగవాడిలా ఉందంటారు. అంటే మగవాళ్ళలా బెదురుతోందని! అది ఆడవాళ్ళ రాజ్యం. అక్కడ మగవాళ్ళు లోపల ఉంటారు. ఆడవాళ్ళ విశ్వవిద్యాలయాలు మబ్బుల నుంచి నీళ్ళు తీస్తాయి, ఎండ వేడిని పోగుచేస్తాయి. ఆ వేడితోనే వంట చేసుకుంటారు, ఆ వేడితోనే యుద్ధం గెలిచారు.

రెంటచింతలలో కూర్చుని ఈ కథ చదివితే ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు. మమ్మల్ని మాడ్చే ఎండే ఆ కథలో ఆడవాళ్ళ ఆయుధం. కానీ మేం ఆగిపోయిన చోటు వేరు. మాట్లాడుతూ ఉండగా ఆ స్త్రీకి తెలుస్తుంది, పక్కన నడిచేది సారా కాదని, ఎవరో పరాయి స్త్రీ అని. అయినా చెయ్యి వదలదు. సారా అనే పిలుస్తుంది. ఆ పరాయి స్త్రీ ఈమెని సుల్తానా అంటుంది. గదిలో ఉన్నంతసేపూ కథ చెప్పే మనిషికి పేరు లేదు. పేరు స్నేహితురాలి నోట్లోంచి వచ్చింది. మిరపచేలో జరిగింది కూడా ఇదే కదా?

1924లో రొకేయా ‘పద్మరాగ్’ అనే నవల బెంగాలీలో అచ్చువేసింది. ఇక్కడ స్నేహం ఇద్దరి మధ్య నుంచి ఒక ఇంటికి విస్తరించింది. ఆ ఇల్లు తారిణీ భవన్. దీనతారిణి అనే బ్రహ్మసమాజపు వితంతువు పెట్టింది. బడి, వృత్తి పని, రోగులకి ఆశ్రయం అన్నీ అందులోనే. హిందూ, ముస్లిం, క్రైస్తవ, బ్రహ్మసమాజ స్త్రీలు కలిసి ఉంటారు, కలిసి పనిచేస్తారు. ఎవరి ప్రార్థన వాళ్ళది. ఆ ఇంటికి సిద్దికా అనే ముస్లిం యువతి చేరుతుంది. ఆమె అసలు పేరు జైనబ్. ప్రాణభయంతో పేరు దాచుకుని వచ్చింది. అక్కడున్న సౌదామిని, హెలెన్, సకీనా, రఫియా, ఉష ఒక్కొక్కరే తమ కథ చెప్తారు. భర్త వదిలేసినామె ఒకరు. విలాయత్ వెళ్ళిన భర్త తలాక్ పంపినామె ఒకరు. పిచ్చివాడైన భర్త నుంచి విడిపోవడానికి చట్టం ఒప్పుకోని ఇంగ్లీషు స్త్రీ ఒకరు.

ఇక్కడ రొకేయా ఒక పని చేసింది. తలాక్ బాధితురాలైన ముస్లిం స్త్రీని ఒంటరిగా నిలబెట్టి జాలిపడమనలేదు. ఆమె పక్కనే హిందూ స్త్రీనీ, ఇంగ్లీషు స్త్రీనీ కూర్చోబెట్టింది. మీ మతంలో ఇట్లా ఉంటుందా అని ఒకరినొకరు అడగరు, మా ఇంట్లో ఇట్లా జరిగిందని చెప్పుకుంటారు. ఆ కథలు విన్నాక సిద్దికా మారిపోతుంది. చివర్లో లతీఫ్ ఆమెకి భర్త కావాల్సినవాడేనని తేలుతుంది. మంచివాడు, ఆమెని ప్రేమించినవాడు. అయినా ఆమె పెళ్ళికి ఒప్పుకోదు. ఆస్తి బేరం దగ్గర ఒకసారి తనని కాదన్నవాళ్ళ ఇంటికి పోనంటుంది. పెళ్ళే ఆడదాని బతుక్కి చివరి గమ్యం కాదని చూపిస్తానంటుంది. ఇదంతా ఆమె ముస్లింగా ఉండే చేసింది. స్నేహం ఆమె మతాన్ని అడగలేదు, ఆమె భయాన్ని తీసుకుంది. మా దృష్టిలో ఈ నవల ప్రాణం అక్కడుంది.

కథలో స్నేహం మనిషిని మారిస్తే, జీవితంలో స్నేహం కథల్ని మార్చిన సందర్భం కూడా ఉంది. 1932లో లక్నో నుంచి ‘అంగారే’ అనే ఉర్దూ సంకలనం వచ్చింది. నలుగురు రచయితల్లో ఒకే ఒక స్త్రీ డాక్టర్ రషీద్ జహాన్. 1933లో ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. ఆమెని ముక్కు కోస్తామని బెదిరించారు. అలీగఢ్‌లో చదువుకునే ఇస్మత్ చుగ్తాయికి ఆమె అక్కలాంటి నేస్తం, ఆదర్శం. అంతకుముందు తన ఊహల్లో ఉన్న నాజూకు నాయికలు రషీద్ జహాన్ రాకతో చెదిరిపోయారనీ, తన కథల్లోని నోరున్న ఆడవాళ్ళు ఆమె నుంచే వచ్చారనీ ఇస్మత్ తర్వాత చెప్పుకుంది. ఉర్దూ కథలో ముస్లిం స్త్రీ తలెత్తి మాట్లాడిందంటే వెనక ఒక స్నేహితురాలు నిలబడి ఉంది.

తెలుగులో ఆడవాళ్ళ స్నేహాన్ని కథకి కేంద్రంగా తెచ్చింది స్త్రీవాదులు. ఓల్గా ‘విముక్త’ కథలు అందుకు గట్టి ఉదాహరణ. ఆ సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. అందులో సీత అడవిలో శూర్పణఖని కలుస్తుంది, అహల్యని కలుస్తుంది, రేణుకని కలుస్తుంది. ‘సమాగమం’ కథలో ముక్కూ చెవులూ కోయించుకున్న శూర్పణఖ ఒక తోట పెంచుకుని, ఆ తోటతో తన అందాన్ని తాను మళ్ళీ తెలుసుకున్న స్త్రీగా కనపడుతుంది. ఆమెతో మాట్లాడాక సీత రాముడి భార్యగానే కాకుండా తానుగా ఆలోచించడం నేర్చుకుంటుంది.

ఈ కథ మమ్మల్ని ఎందుకు కదిలించిందో చెప్పాలి. సీత, శూర్పణఖ ఇద్దరూ ఒక యుద్ధానికి అటూ ఇటూ నిలబెట్టబడ్డ స్త్రీలు. యుద్ధం వాళ్ళ పేరు మీద జరిగింది, వాళ్ళని అడిగి జరగలేదు. 1992 తర్వాత ఈ దేశంలో మా ఆడవాళ్ళనీ, పక్కింటి ఆడవాళ్ళనీ నిలబెట్టింది అట్లాగే కదా? రాముడి పేరు మీద గోడ కట్టినవాళ్ళున్నారు. అదే రామకథ లోపలికి వెళ్ళి ఆ గోడలో తలుపు తెరిచిన రచయిత్రి ఉంది.

ఇంత దూరం వచ్చాక మాకు మేం కొన్ని కష్టమైన ప్రశ్నలు వేసుకోవాలి. స్నేహం అనగానే తీపి మాటలతో సరిపెట్టడం సులువు. పీర్ల పండక్కి అందరూ కలిశారు, రంజాన్ సేమ్యా అందరూ తాగారు అని రాసేస్తే సెక్యులర్ పాఠకులు సంతోషిస్తారు. మా ఇంటి సేమ్యా తాగి మా ఇంటి అన్నం తినని స్నేహాలున్నాయి. మా గుమ్మం దగ్గర ఆగిపోయి, లోపలికి రాని స్నేహాలున్నాయి. ఊరు బాగున్నప్పుడు అక్కా చెల్లీ అని, ఊళ్ళో గొడవైనప్పుడు తలుపు వేసుకున్న స్నేహాలూ ఉన్నాయి. వాటిని కూడా రాయాలి.

మా లోపలి సంగతి కూడా దాచకూడదు. దూదేకుల ఇంటి ఆడమనిషిని మీకు నమాజు వస్తుందా అని నవ్వుతూ అడిగే షేకుల, సయ్యదుల ఇళ్ళు మాలో ఉన్నాయి. ఉర్దూ రానందుకు ఆమెని సగం ముస్లింగా చూశాం. బయటివాళ్ళు మా అందరినీ ఒకటే అంటే కోపం వచ్చింది, మాలో మేం ఒకటి కాదన్నప్పుడు మాత్రం రాలేదు. ఒక సయ్యదు స్త్రీ, ఒక దూదేకుల స్త్రీ పక్కపక్కన కూర్చుని నేస్తాలైన కథ మేం రాసిన వాటిలో ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకుంటే తలదించుకోవాలి.

అందుకే స్నేహం కథ చదివినప్పుడల్లా మేం ఒక ప్రశ్న అడుగుతాం. ఇందులో మారింది ఎవరు? ముస్లిం స్త్రీ ఒక్కతే మారి, ఆమెని చెయ్యిపట్టి బయటికి తెచ్చిన స్నేహితురాలు అట్లాగే ఉండిపోతే, అది ఉద్ధరణ కథ అవుతుంది, స్నేహం కథ కాదు. రొకేయా తొలి కథలో సారా మారదు, దారి చూపిస్తుంది అంతే. పందొమ్మిదేళ్ళ తర్వాత ‘పద్మరాగ్’లో ఎవరూ ఎవరికీ గురువు కాదు, అందరూ చెప్తారు, అందరూ వింటారు. ఆ రెండింటి మధ్య రొకేయా ఊరికే కూర్చోలేదు. 1909లో భర్త పోయాక ఆడపిల్లల బడి పెట్టింది, 1911లో దాన్ని కలకత్తాకి తీసుకొచ్చింది, ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని అడిగి తెచ్చుకుంది. కలలో ఉన్న స్నేహితురాలు నవలలో ఒక ఇల్లు అయిందంటే, మధ్యలో ఆ నడక ఉంది.

పల్నాడు 2022లో జిల్లా అయింది. బోర్డుల మీద గుంటూరు పేరు పోయి పల్నాడు పేరు వచ్చింది. పేరు మారితే ఎంత మారుతుందో, ఎంత మారదో మాకు తెలుసు. మిరపచేలకి ఇప్పటికీ ఆడవాళ్ళే పోతున్నారు. మా ఆడపిల్లలు కొందరు గుంటూరు, హైదరాబాద్ హాస్టళ్ళలో చదువుతున్నారు. ఒక గదిలో నాలుగు మంచాలు, నాలుగు కులాలు, రెండు మూడు మతాలు. తెల్లవారుజామున సహరీకి లేపే నేస్తం ఉంది. తల మీద గుడ్డ చూసి మంచం మార్చుకున్న నేస్తమూ ఉంది. రేపటి కథ ఆ గదిలో ఉంది. తారిణీ భవన్ కోసం మనం కలకత్తా పోనక్కర్లేదు.

రాసేవాళ్ళని మేం అడిగేది ఒక్కటే. ముస్లిం స్త్రీని రాసేటప్పుడు ఆమె భర్త ఎవరు, ఆమె తలాక్ ఏమైంది, ఆమె బురఖా ఎప్పుడు తీసింది అన్నవి తర్వాత అడగండి. ముందు ఆమె స్నేహితురాలు ఎవరో కనుక్కోండి. ముస్లిం రచయితలమైన మేం కూడా మా తల్లుల నేస్తాలెవరో ఇంట్లో అడిగి తెలుసుకోవాలి. చాలామందికి ఆ పేర్లు తెలియవు. మేస్త్రి పుస్తకంలో మా ఆడవాళ్ళకి పేరు లేదని కోప్పడ్డ మేం, ఆ పేరు రాయించిన మనిషి పేరు మా పుస్తకాల్లో రాయలేదు.

ఆ ఇద్దరూ ఇప్పుడు చేలకి పోలేరు. కళ్ళు సరిగా కనపడవు. ఎండ తగ్గాక ఒకరింటి అరుగు మీద కూర్చుంటారు. ఒకామె ‘ఆపా’ అంటుంది. ఇంకొకామె తన నేస్తాన్ని పేరు పెట్టి పిలుస్తుంది. రెంటచింతలలో ఇవాళ ఎన్ని డిగ్రీలు కాసిందని వాళ్ళని ఎవరూ అడగరు, వాళ్ళూ చెప్పరు.